మిడుతూరు వైపు శనగ చేలలో తెల్ల గద్ద: నంద్యాల జిల్లాలో ఈ సీజన్ పిల్లిగద్దలు ఎవరికైనా కనిపించాయా?

నల్లరేగడి – నవంబర్ 10, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. నేను నందికొట్కూరు నుంచి రోజూ బండి మీద బడికి పోయి వచ్చే టీచర్ని. పక్షుల గురించి పెద్దగా తెలియదు, ఇక్కడ రాయడం కూడా ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

నిన్న సాయంత్రం నాలుగున్నరప్పుడు మిడుతూరు దాటాక, రోడ్డు పక్క శనగ చేను మీద ఒక గద్ద కనిపించింది. మామూలు గద్దలు పైన ఎక్కడో చక్కర్లు కొడుతుంటాయి కదా, ఇది అలా కాదు. మనిషి నడుమెత్తులో గట్టు పట్టుకుని చివరి దాకా పోయింది, అక్కడ తిరిగి పక్క సాలు మీదుగా వెనక్కి వచ్చింది. గుంటక తోలుతున్నట్టే ఉంది. రెక్కలు రెండు కొట్టుడు కొట్టి, తర్వాత పైకెత్తి పట్టుకుని తేలుతోంది. ఒళ్లంతా బూడిద తెలుపు, రెక్కల కొసలు మాత్రం నల్లగా ఉన్నాయి. బండి ఆపి పది నిమిషాలు చూశాను. ఫోన్‌లో తీసిన ఫొటో పెడుతున్నా. అందులో గద్ద కంటే కరెంటు స్తంభమే బాగా పడింది.

ఇదేం పక్షి? మా పిల్లలనడిగితే "కోడిపిల్లల గద్ద సార్" అన్నారు. వాళ్లకు అన్నీ కోడిపిల్లల గద్దలే.

పాలపిట్ట – నవంబర్ 10, రాత్రి 8:40

స్వాగతం మాస్టారూ. తెలుపు, బూడిద, నలుపు అనగానే నాకు మొదట వచ్చే అనుమానం అడవి రామదాసు. మన వైపు కరెంటు తీగల మీద ఏడాది పొడవునా కూర్చుని ఉంటుంది. కళ్లు ఎర్రగా, భుజాలు నల్లగా ఉంటాయి. గాల్లో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడుతుంది కూడా. మీరు చూసింది తీగ మీద కూర్చుందా?

నల్లరేగడి – నవంబర్ 10, రాత్రి 8:55

లేదు మేడం. చివరికి నేల మీదే దిగింది, దున్నిన చాళ్ల మధ్య. దిగాక మళ్లీ కనబడలేదు. తోక పొడుగ్గా ఉంది. అడవి రామదాసు అన్న పేరు భలే ఉంది, రేపు పిల్లలకు చెప్తా.

పాలపిట్ట – నవంబర్ 10, రాత్రి 9:02

అయితే రామదాసు కాదు. నేల మీద దిగడం, పొడుగు తోక, రెక్కలు పైకి ఎత్తి తేలడం చూస్తే పిల్లిగద్దే, అంటే హ్యారియర్. చలికాలపు చుట్టం. గడ్డిపరక గారూ, ఎక్కడున్నారు, పని పడింది.

గడ్డిపరక – నవంబర్ 11, ఉదయం 6:20

చూశాను. ఫొటోలో స్తంభం గుర్తుపట్టాను, గద్దని ఇంకా పట్టలేదు.

మన రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కలకు చలికాలంలో వచ్చే పిల్లిగద్దలు ప్రధానంగా మూడు రకాలు. చెరువుల దగ్గర తిరిగే పెద్దది మార్ష్ హ్యారియర్, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. మిగిలినవి మాంటెగూ, పాలిడ్. రెండింట్లోనూ మగది బూడిద తెలుపు, ఆడది గోధుమ రంగు. మాంటెగూ మన దగ్గర ఎక్కువగానే కనిపిస్తుంది. పాలిడ్ తక్కువ. ప్రపంచంలోనే దాని సంఖ్య తగ్గుతోందని ప్రమాదపు అంచున ఉన్న జాతుల జాబితాలో పెట్టారు. పిల్లలు చేసేది కజకిస్తాన్, దక్షిణ రష్యా గడ్డి మైదానాల్లో. చలికాలానికి కొన్ని ఆఫ్రికా పోతాయి, కొన్ని మన దేశం వస్తాయి.

మాస్టారూ, మూడు సంగతులు గుర్తు తెచ్చుకోండి. రెక్క కొస నలుపు సన్నటి మేకులా ఉందా, లేక కొస మొత్తం మసిలో ముంచినట్టుందా? రెక్క మీద మధ్యలో నల్ల గీత ఉందా? పొట్ట పక్కన ఎర్రటి చారలు కనిపించాయా? మేకులా ఉండి, గీత లేక, పొట్ట శుభ్రంగా తెల్లగా ఉంటే పాలిడ్. గీత ఉంటే మాంటెగూ.

నల్లరేగడి – నవంబర్ 11, రాత్రి 7:30

నిజం చెప్పాలంటే గీత చూసిన గుర్తు లేదు సార్. లేదని కూడా చెప్పలేను. తెల్లగా మెరుస్తుంటే అదే చూస్తూ ఉండిపోయాను.

జూమ్‌లెన్స్ – నవంబర్ 11, రాత్రి 9:48

మేల్ పాలిడ్ అయ్యుంటుంది బ్రో! హైదరాబాద్ నుంచి ఈ వీకెండ్ బయల్దేరుతున్నా. లొకేషన్ పిన్ పెట్టగలరా? ఎన్ని గంటలకు వస్తుంది, కారు ఎంత దగ్గరకు పోతుంది?

గడ్డిపరక – నవంబర్ 11, రాత్రి 9:55

పిన్ పెట్టకండి మాస్టారూ. ఫొటో కూడా తీసేసి, అందులో లొకేషన్ వివరాలు లేకుండా చేసి మళ్లీ పెట్టండి.

జూమ్‌లెన్స్ – నవంబర్ 11, రాత్రి 10:03

అదేంటి సార్, ఆకాశంలో ఎగిరే గద్దకి కూడా గేట్లా? ఇది పబ్లిక్ ఫోరం కదా.

గడ్డిపరక – నవంబర్ 11, రాత్రి 10:20

ఆకాశంలో ఎగిరేటప్పుడు ఎంత చూసుకున్నా ఎవరూ కాదనరు తమ్ముడూ. ఇబ్బందంతా అది పడుకునే చోటుతోనే. పిల్లిగద్దలు చెట్టెక్కి పడుకోవు. సాయంత్రం పొద్దుగూకే వేళకు చుట్టుపక్కల చేలలో తిరిగేవన్నీ ఒకే చోటికి చేరి, మోకాలెత్తు గడ్డిలో నేల మీద పడుకుంటాయి. గుజరాత్‌లో వేళావదర్ అనే చోట వేలల్లో చేరేవి, ప్రపంచంలోని పెద్ద పడక చోట్లలో అదొకటి. మన రోళ్లపాడు కూడా ఒకప్పుడు పేరున్న పడకే. అలాంటి చోట కారు లైట్లు వేసుకుని గడ్డిలోకి పోతే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. చీకట్లో మళ్లీ ఎక్కడ దిగుతాయో, అక్కడ నక్క ఉందో కుక్క ఉందో వాటికీ తెలియదు. రెండేళ్ల కిందట ఒక బృందం అలాగే కారు దింపింది. మర్నాటి నుంచి వారం రోజులు ఆ చోట ఒక్కటీ దిగలేదు. నేను కళ్లారా చూశాను.

జూమ్‌లెన్స్ – నవంబర్ 11, రాత్రి 10:31

ఆ కార్లో నేను లేను. ఓకే, రోడ్డు మీది నుంచే తీస్తా.

మోడరేటర్ – నవంబర్ 11, రాత్రి 10:45

ఈ చర్చలో ఊరి పేరు వరకు రాయొచ్చు. పడక చోటు, సర్వే నంబరు, పిన్ వద్దు. ఇంతటితో ఈ గొడవ ఆపి పక్షి మీదకు రండి.

పాతవాచరు – నవంబర్ 13, సాయంత్రం 6:05

నేను చెప్తుంటే మా మనవడు టైపు చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచి రోళ్లపాడు గడ్డిలోనే తిరిగినోణ్ని. 1980ల్లో బొంబాయి నుంచి బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) వాళ్లు వచ్చి ఇక్కడ మకాం వేసి బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మీద పని చేసినప్పుడు వాళ్ల వెంట నీళ్ల బిందె మోసినా. ఆ బట్టమేక కోసమే 1988లో దీన్ని అభయారణ్యం చేసినారు. చేసింది ఎంత? ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. ఆ పిట్టకు అది వాకిలి మాత్రమే, ఇల్లంతా బయట రైతుల చేలలో ఉండేది.

గద్దల మాట అడిగినారు కదా. అప్పట్లో మాకు వాటి పేర్లు తెలీవు. పొద్దు వాలేటప్పుడు పడమటి దిక్కు నుంచి ఒకటి, ఉత్తరం నుంచి రెండు, అట్లా మొదలయ్యేవి. కాసేపటికి ఆకాశం మీద జొన్నలు చల్లినట్టు ఉండేది. దిగేటప్పుడు మాత్రం సద్దు ఉండదు. బొంబాయి సార్లు ఒకరు ఒక దిక్కు, ఇంకొకరు ఇంకో దిక్కు కూర్చుని చేతి గంట నొక్కినట్టు టకటక లెక్కపెట్టే మిషనుతో లెక్క పెట్టేవాళ్లు. పొద్దున్నే పోయి గడ్డిలో అవి కక్కిన ఉండలు ఏరి, కాగితం పొట్లాలు కట్టేవాళ్లం. గద్ద ఉమ్మిన ముద్దను పొట్లం కట్టే ఉద్యోగమేందిరా అని మా అమ్మ ఒకటే నవ్వేది.

ఇప్పుడు బట్టమేక లేదు. నేను చూసి ఏళ్లయింది. గద్దలు వస్తున్నాయి గానీ జొన్నలు చల్లినట్టు లేదు, ఏరుకోవాల్సి వస్తోంది.

పాలపిట్ట – నవంబర్ 13, రాత్రి 7:15

పెద్దాయన చెప్పింది ఒక్క రోళ్లపాడు సంగతే కాదు. దేశంలోని పడక చోట్ల లెక్కలన్నీ ఒక దగ్గర చేర్చి, బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ సంస్థ పరిశోధకులు 2018లో ఒక పత్రం వేశారు. 30 ఏళ్ల లెక్కలు చూస్తే వచ్చే గద్దల సంఖ్య తగ్గుతూనే ఉందని అందులో తేలింది. గడ్డి నేలలు పోవడం, చేలలో మందులు పెరగడం, పిల్లలు చేసే చోట మార్పులు, వీటన్నిటి మీదా అనుమానం ఉంది. మా కాలేజీ పిల్లలకు ఇది చెప్తే "గడ్డి నేల అంటే బంజరే కదా మేడం, దానికేముంది" అంటారు. రెవెన్యూ రికార్డుల్లో ఉన్న మాటే మన నోళ్లలోనూ ఉంది మరి.

రైతుబిడ్డ – నవంబర్ 14, ఉదయం 5:50

అందరూ రైతు మందు కొడుతున్నాడనే వరకు వచ్చి ఆగిపోతారు. మాది మిడుతూరు మండలమే. మా నాయన కాలంలో కొర్ర, జొన్న, కుసుమ వేసేవాళ్లం. వానకు పండింది తినేవాళ్లం. అలగనూరు రిజర్వాయరు వచ్చింది, కాలవ నీళ్లొచ్చాయి, పత్తి, మిరప వచ్చాయి. ఇప్పుడు కొర్ర వేస్తే అప్పు తీరుతుందా? మీరెవరైనా కొంటారా?

ఇంకో మాట. బట్టమేక కోసం అని కంచె వేశారు, బట్టమేక పోయింది, కృష్ణజింకలు మాత్రం మందలు మందలుగా పెరిగాయి. రాత్రయితే శనగ చేలో పడతాయి. చేను చుట్టూ మా ఆడోళ్ల పాత చీరలన్నీ కట్టి, మంచె మీద పడుకుంటున్నా. జింకలకు మేత మేం పెడుతున్నాం, పేరు గవర్నమెంటుకు.

గద్దలతో మాకే తగవూ లేదు. మా చేలో మిడతలు తింటాయి, మంచిదే. మా మండలం పేరే మిడుతూరు కదా, వాటికి పేరు చదవడం వచ్చేమో.

నల్లరేగడి – నవంబర్ 14, రాత్రి 8:00

రైతుబిడ్డ అన్నా, మీ చేను ఎక్కడో నాకు తెలుసనుకుంటా. ఎర్ర చీర, పచ్చ చీర కట్టిన చేను కదా? నేను ఆ గద్దని చూసింది దాని పక్కనే. ఒక ఆదివారం వస్తే మాట్లాడొచ్చా?

రైతుబిడ్డ – నవంబర్ 14, రాత్రి 8:09

రా సార్. టీ నాది, బిస్కెట్లు నీవి.

నల్లరేగడి – నవంబర్ 24, రాత్రి 9:30

ఈ రోజు సాయంత్రం పడకకు చేరిన గద్దల లెక్క. నేను, పాలపిట్ట మేడం, మేడం స్టూడెంట్లు ఇద్దరు, రైతుబిడ్డ అన్న. అభయారణ్యం లోపలికి పోలేదు. బయట బండ్ల బాట మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, గడ్డికి దూరంగా, మాట్లాడకుండా కూర్చున్నాం. కుర్చీలు రైతుబిడ్డ అన్న ట్రాక్టర్లో వచ్చాయి.

4:50 నుంచి 5:10 దాకా ఏమీ లేదు. దోమలు తప్ప. మేడం మాత్రం ధైర్యంగా ఉన్నారు. 5:12కి ఉత్తరం వైపు నుంచి మొదటిది వచ్చింది, గోధుమ రంగుది. నేరుగా దిగలేదు. గడ్డి మీద ఒక పెద్ద సున్నా చుట్టింది, పోయి దూరంగా దుక్కి చేలో కూర్చుంది. తర్వాత ఇంకోటి వచ్చి దాని పక్కనే దిగింది. ఇలా 5:35 వరకు ఆ దుక్కిలో పదకొండు చేరాయి. ఊరి రచ్చబండ మీద ముసలాళ్లలాగా అన్నీ ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి. సూర్యుడు పూర్తిగా మునిగాక ఒకటి లేచింది, ఆ వెనకే మిగతావి. గడ్డి మీదకు వచ్చి కాళ్లు కిందకు వేలాడేసి, ఒక్క క్షణం గాల్లో ఆగి, తాడు తెగినట్టు పడిపోయాయి. పడిన చోట గడ్డి కాస్త ఊగి ఆగింది, అంతే.

మొత్తం 31. పెద్దవి, మార్ష్ అనుకున్నవి 5. బూడిద మగవి 9. గోధుమవి 17. 6:05 తర్వాత చీకటి.

ఆ తెల్లదాన్ని మళ్లీ చూశాను. మేడం కెమెరాలో పడింది. గడ్డిపరక సార్, చూసి చెప్పండి. గుండె దడదడలాడుతోంది, టెన్త్ రిజల్ట్స్ రోజు కూడా ఇంత టెన్షన్ పడలేదు.

గడ్డిపరక – నవంబర్ 25, ఉదయం 6:10

ఫొటో మంచిది. మూడో దాంట్లో రెక్క పైభాగం పూర్తిగా తెరుచుకుంది. మధ్యలో నల్ల గీత స్పష్టంగా ఉంది. అయిదో దాంట్లో రెక్క కింద రెండు గీతలు, పక్కన ఎర్ర చారలు. మాంటెగూ మగది. సారీ మాస్టారూ.

నల్లరేగడి – నవంబర్ 25, ఉదయం 6:25

సరే సార్. రెండు వారాలు దాన్నే కలవరించాను. మాంటెగూ కూడా బాగుంది.

జూమ్‌లెన్స్ – నవంబర్ 25, ఉదయం 9:00

నేను ముందే క్యాన్సిల్ చేసుకోవడం మంచిదైంది.

పాలపిట్ట – నవంబర్ 25, ఉదయం 10:15

అంత తేలిగ్గా తీసెయ్యకండి. మాంటెగూ కూడా వేల కిలోమీటర్ల అవతల నుంచే వచ్చింది, తోట నుంచి పెరట్లోకి రాలేదు. మాస్టారూ, వచ్చే ఆదివారం పొద్దున వస్తే మీ పిల్లలకు ఒక పని చూపిస్తా. చిమటలు, పాత న్యూస్‌పేపరు తెచ్చుకోండి.

నల్లరేగడి – డిసెంబర్ 1, మధ్యాహ్నం 2:40

పాతవాచరు గారూ, ఇది మీ కోసం రాస్తున్నా.

దుక్కి చేలో, అవి గడ్డిలోకి పోయేముందు కూర్చునే చోట, రైతు అనుమతితో పొద్దున తొమ్మిదికి పోయాం. అప్పటికి గద్దలన్నీ వేటకు వెళ్లిపోయాయి. మట్టి పెళ్లల మధ్య ఆరు ఉండలు దొరికాయి. బొటనవేలంత పొడుగు, ఎండి బూడిద రంగులో, చేత్తో పట్టుకుంటే బరువే లేదు. గద్ద తిన్నదాంట్లో అరగని బొచ్చు, రెక్కలు, డిప్పలు కడుపులోనే ముద్దగా చుట్టి నోటి నుంచి కక్కేస్తుందట. మేడం వాటిని డెట్టాల్ నీళ్లలో అరగంట నానబెట్టించారు, చేతులకు గ్లోవ్స్ వేయించారు. తర్వాత న్యూస్‌పేపరు మీద చిమటతో విప్పాం.

మొదటి దాంట్లో మిడత కాళ్లు. రంపపు పళ్లలా ముళ్లున్న వెనక కాళ్లు, ఒకటి, రెండు, ఇరవై మూడు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి లెక్కపెట్టి, "సార్ ఇరవై మూడు ఎలా వస్తుంది, జతలు కదా, ఒకటి ఎక్కడ పోయింది" అని అడిగింది. రెండో దాంట్లో పేడపురుగు రెక్క డిప్పలు, నల్లగా మెరుస్తూ ఉన్నాయి. మూడో దాంట్లో బూడిద బొచ్చు, దాని మధ్యలో నారింజ రంగు పళ్లున్న చిన్న దవడ, ఎలుకది. నాలుగో దాంట్లో ఏదో చిన్న పిట్ట ఈకలు, భరతపక్షి కావచ్చు అన్నారు మేడం.

శనగ చేను మీద అంత సేపు తిరిగేది దేనికో పిల్లలకు ఇప్పుడు అర్థమైంది. ఆ ఇరవై మూడు కాళ్ల పేపరు క్లాసులో అంటించాం.

పాతవాచరు – డిసెంబర్ 1, రాత్రి 7:20

మా అమ్మ ఉంటే మళ్లీ నవ్వేది. ఆ ఎలుక పళ్లు చూస్తే గుర్తొచ్చింది. దీన్ని పిల్లిగద్ద అని ఎందుకంటారో నాకొక ఆలోచన ఉంది. దాని ముఖం దగ్గరగా చూడండి, పిల్లి ముఖం లాగా గుండ్రంగా పళ్లెంలా ఉంటది.

గడ్డిపరక – డిసెంబర్ 1, రాత్రి 8:05

మీరన్నది నిజమే పెద్దాయనా. గుడ్లగూబకు ఉన్నట్టే పిల్లిగద్దకూ ముఖం చుట్టూ ఈకల చట్రం ఉంటుంది. గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడును అది చెవుల వైపు మళ్లిస్తుంది. అందుకే అంత కిందుగా, అంత నెమ్మదిగా ఎగురుతుంది. చూస్తూనే వింటుంటుంది. ఇంగ్లీషు వాళ్ల పాత పక్షుల పుస్తకాల్లో కూడా దీని తెలుగు పేరు పిల్లిగద్ద అనే రాశారు. పేరుకు కారణం మాత్రం రాయలేదు. మీ మాట నాకు నచ్చింది.

డచ్చితెలుగు – డిసెంబర్ 3, తెల్లవారుజామున 1:30

నెదర్లాండ్స్ నుంచి రాస్తున్నా, మాది ఆత్మకూరు. ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలనిపించింది. ఇక్కడ గ్రోనింగెన్ వైపు మాంటెగూలు గోధుమ, బార్లీ చేలలోనే నేల మీద గూడు పెడతాయి. కోత మిషను వస్తే పిల్లలు నలిగిపోతాయి. అందుకని వాలంటీర్లు ముందే గూళ్లు వెతికి, రైతుతో మాట్లాడి, గూడు చుట్టూ కొంత పైరు కోయకుండా వదిలించి కంచె కడతారు. 2017లో పాలిడ్ జంట ఒకటి మొదటిసారి ఈ దేశంలో గూడు పెట్టింది, పేపర్లన్నీ రాశాయి. మా ఆఫీసులో ఒకాయన ఇది చెప్తుంటే, "మా ఊళ్లో చలికాలంలో ఇవి శనగ చేను మీద తిరుగుతాయి" అన్నాను. నమ్మలేదు. ఈ చర్చ చూపించాను, తెలుగు రాకపోయినా ఫొటోలు చూసి ఊరుకున్నాడు.

రైతుబిడ్డ – డిసెంబర్ 3, ఉదయం 6:00

అక్కడ వదిలిన పైరుకు డబ్బులిస్తారా అన్నా?

డచ్చితెలుగు – డిసెంబర్ 3, మధ్యాహ్నం 12:10

చేను అంచుల్లో గడ్డి, పూలు వదిలే రైతులకు ఒప్పందం మీద సొమ్ము ఇస్తారు. అందుకే ఒప్పుకుంటారు.

రైతుబిడ్డ – డిసెంబర్ 3, మధ్యాహ్నం 12:14

అదీ సంగతి. ఈ ముక్క రాసినోడు నువ్వొక్కడివే.

జూమ్‌లెన్స్ – డిసెంబర్ 15, రాత్రి 10:20

నిన్న శ్రీశైలం పోతూ దారిలో ఆగా. రోడ్డు మీది నుంచే తీశా, ఒట్టు. తెల్లది ఒక్కటీ దొరకలేదు, బ్యాడ్ లక్. కోసిన జొన్న చేలో ఈ బ్రౌన్‌ది ఒకటి కూర్చుంది, ఏదో ఆడ గద్ద. లైట్ బాగుందని పెడుతున్నా. డిలీట్ చేద్దామనుకున్నా.

గడ్డిపరక – డిసెంబర్ 15, రాత్రి 10:41

డిలీట్ చేయకండి!! ఒరిజినల్ ఫైలు దాచండి. ఎగిరేటప్పుడు తీసినవి ఇంకా ఉన్నాయా?

జూమ్‌లెన్స్ – డిసెంబర్ 15, రాత్రి 10:50

నాలుగున్నాయి, ఇవిగో. ఏమైంది సార్?

గడ్డిపరక – డిసెంబర్ 15, రాత్రి 11:25

అందరూ మెడ చూడండి. కంటి వెనక ముదురు గోధుమ మచ్చ. దాని వెనకే లేత మీగడ రంగు పట్టీ, గొంతు నుంచి మెడ వెనక్కి తెగకుండా పోతోంది, చొక్కా కాలరు లాగా. ఆ కాలరు వెనక మెడ పక్కంతా మళ్లీ ముదురు రంగు, కండువా వేసుకున్నట్టు. పొట్ట ఒక్క చార లేకుండా సాదా ఇటుక నారింజ. చార లేదంటే ఈ ఏడాది పుట్టిన పిల్ల. మాంటెగూ పిల్లకి కూడా పొట్ట ఇలాగే ఉంటుంది, కానీ ఈ కాలరు, కండువా అంత తేటగా ఉండవు, కంటి చుట్టూ తెలుపు ఎక్కువ ఉంటుంది. ఎగిరే ఫొటోల్లో రెక్క కింద, కొస ఈకల మొదట్లో లేత రంగు వంపు కూడా ఉంది.

పాలిడ్ పిల్ల. నాకు అనుమానం లేదు. అయినా ఇంకో ఇద్దరికి పంపాను, వాళ్ల మాట వచ్చాక రాస్తా.

నల్లరేగడి – డిసెంబర్ 16, ఉదయం 5:40

నిద్ర పట్టలేదు. నవంబర్ 24న మేం "గోధుమవి 17" అని ఒక్క అంకె రాసి వదిలేశాం కదా. తెల్లవాటిని మాత్రం ఒక్కొక్కటీ చూశాం.

పాలపిట్ట – డిసెంబర్ 16, ఉదయం 7:05

నా కెమెరా కార్డు తీసి చూశాను. ఆ సాయంత్రం తీసిన 212 ఫొటోల్లో గోధుమవి తొమ్మిదే. మిగతా 203 తెల్లదాని చుట్టూ. పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ తొమ్మిదిలో ఒకటి వెనక నుంచి ఉంది, మెడ మీద లేత గీత ఉన్నట్టే ఉంది, మసక. లెక్కలోకి రాదు.

గడ్డిపరక – డిసెంబర్ 18, రాత్రి 8:30

ఇద్దరూ ఒప్పుకున్నారు. జూమ్‌లెన్స్ గారూ, మీ పేరు మీదే ఈబర్డ్‌లో, అంటే పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో చేర్చండి. మీరు పెట్టిన ఆ "ఏదో ఆడ గద్ద" అన్న మాట మాత్రం తీసేయండి.

జూమ్‌లెన్స్ – డిసెంబర్ 18, రాత్రి 8:44

థాంక్స్ సార్. జిల్లా అడుగుతోంది, కర్నూలా, నంద్యాలా?

గడ్డిపరక – డిసెంబర్ 18, రాత్రి 8:50

నంద్యాల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచి రోళ్లపాడు నంద్యాలలో ఉంది. పాత రికార్డులన్నీ కర్నూలు పేరు మీద ఉంటాయి, వెతికేటప్పుడు రెండూ చూడాలి.

నల్లరేగడి – జనవరి 19, రాత్రి 8:15

కాలరు పిల్ల ఈ రోజు మళ్లీ దొరికింది. రైతుబిడ్డ అన్న చేను గట్టు మీద, ఉదయం 8:20. గట్టు పక్క అడుగు వెడల్పు గడ్డి పట్టీలోనే మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. మూడోసారి గాల్లోనే మెలి తిరిగి కిందకు కాళ్లు చాచింది. లేచేటప్పుడు కాలిలో ఏదో ఉంది. నాకు ఇరవై అడుగుల దూరంలోంచి పోయింది. కన్ను గోధుమ రంగు, మెడ పట్టీ కంటితోనే కనబడింది. కెమెరా బ్యాగులోనే ఉంది, తీయలేదు.

రైతుబిడ్డ – జనవరి 19, రాత్రి 8:30

సార్ అరిచిన అరుపుకి మా కుక్క లేచి మొరిగింది. ఆ గడ్డి పట్టీ అక్కడ ఉండేది కాదు, ప్రతి ఏడూ తగలబెట్టేవాణ్ని. ఈసారి పని తీరక వదిలేశా.

పాతవాచరు – ఫిబ్రవరి 16, సాయంత్రం 6:40

ఎన్ని ఉన్నాయి మాస్టారూ ఇప్పుడు? మోకాళ్ల నొప్పి, నేను రాలేకపోతున్నా.

నల్లరేగడి – ఫిబ్రవరి 16, రాత్రి 8:00

ఇవాళ 26 పెద్దాయనా. మార్ష్ 4, మాంటెగూ మగవి 8, గోధుమవి 14. ఈసారి గోధుమవాటిని విడదీసి చూశాం. మెడలు తిన్నగా కనిపించినవి తొమ్మిది. అందులో ఏడు మాంటెగూ, ఒకటి మన కాలరు పిల్ల. ఇంకోటి పెద్ద ఆడది, రెక్క కింద లోపలి ఈకలు బాగా ముదురు. పాలిడ్ ఆడది కావచ్చని మేడం, కాదేమోనని గడ్డిపరక సార్. ఫోన్లో గంటన్నర కొట్టుకున్నారు. "తేలనివి" అని కొత్త గడి పెట్టాం. మిగతా అయిదూ కూడా అందులోనే.

నల్లరేగడి – మార్చి 30, రాత్రి 8:20

శనగ కోతలు ఎప్పుడో అయిపోయాయి. ఎండ ముదిరింది. మార్చి 9న 7 ఉన్నాయి, 16న 3, ఆ మూడింట్లో కాలరు పిల్ల లేదు. ఇవాళ అయిదున్నర నుంచి ఏడు దాకా నిలబడ్డాను, ఒక్కటీ రాలేదు. చీకటి పడ్డాక కుర్చీ మడుస్తుంటే రైతుబిడ్డ అన్న వచ్చి "పోయాయా" అన్నాడు. "పోయాయి" అన్నాను.

డచ్చితెలుగు – మార్చి 31, తెల్లవారుజామున 2:05

ఏప్రిల్ చివరికి ఇక్కడ మాంటెగూలు దిగుతాయి. అవి మీ దగ్గరివి కావు, ఆఫ్రికా నుంచి వచ్చేవి. అయినా చూసి ఇక్కడ రాస్తా.

రైతుబిడ్డ – మార్చి 31, ఉదయం 6:15

గట్టు గడ్డి ఈ ఏడాది కూడా తగలబెట్టలేదు. అక్టోబర్ దాకా ఉంటుందని మాత్రం నాకు నమ్మకం లేదు, మేకలోళ్లు రోజూ అటే తోలుతున్నారు.

పాతవాచరు – మార్చి 31, ఉదయం 9:30

ఆ మేకలోళ్లలో సగం మంది మాకు చుట్టాలే. ఈ ఆదివారం పిలిపించి మాట్లాడతా.